చోక్ లాగితేనే నడిచే పడవ ఇంజిన్: కార్బ్యురేటర్ విప్పేముందు, విప్పాక

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం, చదివే మిగతావారికీ తెలుస్తుంది. కరీంనగర్ దగ్గర దిగువ మానేరు జలాశయంలో మీ మత్స్య సంఘానికి ఒక పడవ ఉంది. దానికి 15 హెచ్‌పీ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజిన్ (పడవ వెనక బయట బిగించేది), రెండు సిలిండర్లు, ఒకటే కార్బ్యురేటర్ (గాలి, పెట్రోలు కలిపి ఇంజిన్‌కు పంపే భాగం). కోస్తా నుంచి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చారు. సంక్రాంతి తర్వాత పక్కన పెట్టి, వానలు పడ్డాక బయటికి తీశారు. చోక్ లాగితే అందుకుంటుంది, చోక్ లోపలికి నెట్టగానే ఆగిపోతుంది. హ్యాండిల్ తిప్పి వేగం పెంచి పట్టుకుంటే మాత్రం నడుస్తుంది. బైకుల మెకానిక్ రెండుసార్లు కార్బ్యురేటర్ శుభ్రం చేశాడు. రెండుసార్లూ కొన్నాళ్లు బాగానే ఉండి మళ్లీ మొదటికొచ్చింది. కొత్త కార్బ్యురేటర్ కొనాలా అని అడుగుతున్నారు.

కొనకండి. మీ లక్షణాలను బట్టి అందులో పాడైపోయిన భాగం ఏదీ ఉన్నట్టు లేదు, మూసుకుపోయిన దారి ఒకటుంది. ఆ దారిని మూస్తున్న చెత్త ట్యాంకు వైపు నుంచి వస్తూనే ఉంది. ఈ రెండోది సరిచేయకుండా కొత్తది బిగిస్తే, కొత్తదీ వచ్చే నెలకు ఇలాగే మొండికేస్తుంది.

చోక్ వేస్తే గాలి తగ్గుతుంది, పెట్రోలు పాలు పెరుగుతుంది. చోక్ వేస్తేనే నడుస్తోందంటే మామూలుగా అందాల్సిన పెట్రోలు అందడం లేదన్నమాట. ఎక్కడ అందడం లేదో మీ మాటల్లోనే ఉంది. కార్బ్యురేటర్‌లో పెట్రోలుకు రెండు దారులుంటాయి. వేగంగా పోయేటప్పుడు మెయిన్ జెట్ గుండా వస్తుంది. జెట్ అంటే కొలత ప్రకారం సన్న రంధ్రం ఉన్న ఇత్తడి ముక్క. ఇంజిన్ నిదానంగా తిరిగేటప్పుడు ఐడిల్ జెట్ గుండా, సన్నటి సొరంగాల్లోంచి వచ్చి, హ్యాండిల్ తిప్పితే తెరుచుకునే థ్రాటిల్ పలక అంచు దగ్గరున్న చిన్న రంధ్రాల్లో తేలుతుంది. వేగం పెంచితే నడిచి, తగ్గిస్తే ఆగే ఇంజిన్‌లో తప్పు ఈ రెండో దారిలోనే ఉంటుంది. దీనికి తిరగబడిన లక్షణం, అంటే నిదానంగా చక్కగా తిరుగుతూ పూర్తి వేగానికి పోగానే ఉక్కిరిబిక్కిరవడం. అప్పుడు మెయిన్ జెట్‌నో, ఫ్యూయల్ పంపునో, ఫిల్టర్‌నో చూడాలి. మీది అది కాదు.

అయినా స్క్రూడ్రైవర్ పట్టేముందు చేయాల్సిన పనులున్నాయి. ట్యాంకు మూత మీద గాలి మర ఉంటుంది, అది తెరిచి ఉందా? మూసి ఉంటే ఇంజిన్ కాసేపు నడిచి, లోపల గాలి చాలక పెట్రోలు లాగలేక ఆగిపోతుంది, గొట్టం మధ్యలో చేత్తో పిండే రబ్బరు బల్బు చప్పిడి పడుతుంది. నవ్వకండి, దీని కోసమే పడవను ఆటోలో వేసుకొచ్చినవాళ్లున్నారు. తర్వాత ఆ బల్బును బాణం గుర్తు పైకి ఉండేలా పట్టుకుని పిండండి. గట్టిపడి అలాగే నిలవాలి. ఎంతకీ గట్టిపడకపోతే గొట్టం ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా బల్బులోని కవాటం పోయింది, లేదా కార్బ్యురేటర్‌లోకి పెట్రోలు రాకను ఆపే సూది, అంటే నీడిల్, మూసుకోవడం లేదు. ఈ చివరిదైతే కార్బ్యురేటర్ నోట్లోంచి పెట్రోలు కారుతూ కనిపిస్తుంది కూడా.

అన్నిటికన్నా పనికొచ్చే పరీక్ష మరొకటి. ఇంజిన్ ఆగిపోబోతున్న క్షణంలో పక్కనున్న మనిషి బల్బు పిండాలి. పిండితే ఇంజిన్ తేరుకుందా, తప్పు పంపులోనో గొట్టంలోనో ఉంది, కార్బ్యురేటర్ జోలికి పోనక్కర్లేదు. పిండినా తేడా లేదంటే తప్పు లోపలే. ఆ ఫ్యూయల్ పంపు పలుచని పొరతో పనిచేసే చిన్న వస్తువు. పిస్టన్ల కిందున్న గది, అంటే క్రాంక్ కేసులోని ఒత్తిడి మార్పులకు ఆ పొర ఊగుతుంది. ఏళ్లు గడిస్తే బిరుసెక్కుతుంది. కొన్ని ఇంజిన్లలో అది కార్బ్యురేటర్‌కే అతికి ఉంటుంది కాబట్టి దాన్నీ ఒకసారి విప్పి చూడండి.

ప్లగ్గులు, నిప్పురవ్వ, కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ పుట్టించే ఒత్తిడి) కూడా ముందే తేల్చుకోవాలి. గేజీ పెట్టి చూస్తే రెండు సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటకూడదు. ఒక సిలిండర్ చచ్చిపోయిన ఇంజిన్ కూడా నిదానం మీద నిలవదు, ఆ నింద మాత్రం కార్బ్యురేటర్ మీద పడుతుంది.

ఇక పెట్రోలు. కార్బ్యురేటర్ కింద పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె అడుగున ఒక డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. దాని కింద తెల్ల గాజు సీసా పెట్టి విప్పండి, వచ్చిందాన్ని ఎండలో పట్టుకుని చూడండి. అడుగున విడిగా ఒక పొర కనబడితే నీళ్లు. నల్లటి నలుసులుంటే గొట్టం లోపలి రబ్బరు పొట్టు రాలుతోంది. వార్నిష్ వాసన, బంగారు రంగు ఉంటే పాత పెట్రోలు జిగురు కట్టింది. మీ సీసాలో మొదటి రెండూ కనిపిస్తాయని నా అనుమానం, ఎందుకంటే బాగుచేసిన కార్బ్యురేటర్ కొన్నాళ్లకే మళ్లీ మూసుకుపోయింది. జిగురు కట్టడానికి నెలలు పడుతుంది, రబ్బరు పొట్టు అడ్డం పడటానికి ఒక్క సాయంత్రం చాలు.

ఇథనాల్ సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023లో మొదలై ఇప్పుడు దాదాపు ప్రతి బంకులోనూ అదే దొరుకుతోంది. ఔట్‌బోర్డ్ ఇంజిన్ల మాన్యువళ్లు చాలావరకు 10 శాతం దాకానే ఒప్పుకుంటాయి. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బించి పొట్టు లేపుతుంది. గాలిలోని తేమనూ పీల్చుకుంటుంది. తేమ ఒక హద్దు దాటాక నీళ్లు, ఇథనాల్ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. టూ స్ట్రోక్ వాళ్లు గుండె పట్టుకోవాల్సింది ఇక్కడే. మీరు కలిపిన ఆయిల్ పైనున్న పెట్రోలులోనే ఉండిపోతుంది. ట్యాంకులోని గొట్టం మూతి పీల్చేది మాత్రం అడుగు నుంచి. అంటే ఆయిల్ లేని ద్రవం పిస్టన్ దగ్గరికి పోతుంది.

ఇంకొకటి. పూర్తిగా మండడానికి ఒక కిలో మామూలు పెట్రోలుకు 14.7 కిలోల గాలి కావాలి, 20 శాతం ఇథనాల్ ఉన్నదానికి సుమారు 13.5 కిలోలు చాలు. పాత జెట్లు మాత్రం పాత లెక్కకే పెట్రోలు వదులుతాయి. కాబట్టి అదే జెట్టుతో మిశ్రమం కాస్త పలచబడుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ దీన్ని తట్టుకుంటుంది, జెట్టు సగం మూసుకున్న ఇంజిన్‌కు మాత్రం ఇది అదనపు దెబ్బ. కాబట్టి గొట్టం, బల్బు, కనెక్టర్లలోని రబ్బరు రింగులు అన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకంతో ఒకేసారి మార్చేయండి. ట్యాంకు కడిగి ఆరబెట్టండి. ఫిల్టర్ కొత్తది వేయండి. ఈ ఖర్చు కొత్త కార్బ్యురేటర్‌తో పోలిస్తే చాలా తక్కువ.

ఇప్పుడు విప్పుదాం. ఆరుబయట, నీడలో, బీడీలు దూరంగా. ఇంజిన్ ఆపే తాడు క్లిప్పు తీసేయండి, ప్లగ్గు తీగలు పీకేయండి. ప్రతి లివరూ, ప్రతి స్ప్రింగూ ఏ రంధ్రంలో తగిలి ఉందో ఫోనులో ఫొటో తీసుకోండి. కింద పాత తెల్ల పంచె పరచండి, లేకపోతే ఎగిరిన స్ప్రింగు కోసం మోకాళ్ల మీద వెతుక్కోవాల్సి వస్తుంది. జపాన్ ఇంజిన్లలో ప్లస్ గుర్తు స్క్రూలు చూడటానికి మామూలువే గానీ వాటి గాడి వేరు. మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ జారిపోయి తల చెక్కేస్తుంది. జపాన్ కొలతకు సరిపోయే మొన తెచ్చుకోండి. జెట్లు ఇత్తడివి, మెత్తగా ఉంటాయి. వాటి గాడి నిండా పట్టే వెడల్పు మైనస్ స్క్రూడ్రైవర్ లేకుండా వాటిని ముట్టుకోవద్దు.

నిదానం మీద గాలి, పెట్రోలు పాళ్లు సర్దేది ఐడిల్ మిక్చర్ స్క్రూ. విప్పేముందు దాన్ని నెమ్మదిగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆగుతుందో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. బిగించకండి, తగిలితే చాలు. గట్టిగా బిగిస్తే దాని సూది మొన మీద గాడి పడుతుంది, ఇక అది ఎప్పటికీ సరిగ్గా కుదరదు. మీ మెకానిక్ తిప్పి ఉంటాడు కాబట్టి ఆ లెక్క పూర్తిగా నమ్మదగింది కాదు, అయినా రాసుకోండి.

గిన్నె విప్పాక ఫ్లోట్ ఇరుసు పిన్ను, ఫ్లోట్ (పెట్రోలు మీద తేలుతూ నీడిల్‌ను నెట్టేది), నీడిల్, మెయిన్ జెట్, దాని వెనక రంధ్రాలున్న గొట్టం, ఐడిల్ జెట్ అన్నీ తీయాలి. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలన్నీ తీసేశాకే క్లీనర్ స్ప్రే కొట్టాలి. కంటికి అద్దాలు తప్పనిసరి. ఒక రంధ్రంలో కొడితే ఆ ద్రవం ఎటు నుంచి బయటికొచ్చి మొహాన కొడుతుందో చెప్పలేం.

చాలామంది మెకానిక్కులు ఇక్కడే ఆగిపోతారు. గిన్నె కడుగుతారు, మెయిన్ జెట్‌లో ఊదుతారు, వెలుతురులోకి పెట్టి రంధ్రం గుండ్రంగా కనబడగానే బిగించేస్తారు. బైకు కార్బ్యురేటర్‌తో రోజూ పనిచేసే చేతులకు అది చాలనిపిస్తుంది. మీ జబ్బు ఉన్నది మాత్రం ఐడిల్ దారిలో. థ్రాటిల్ పలక మూసుకునే చోట, కార్బ్యురేటర్ గొంతులో, సూది మొనంత రంధ్రాలు వరసగా రెండు మూడు ఉంటాయి. పలక మూసి ఉన్నప్పుడు మొదటిది మాత్రమే పెట్రోలు ఇస్తుంది, పలక తెరుచుకునే కొద్దీ మిగతావి ఒక్కొక్కటిగా తోడవుతాయి. మొదటిది మూసుకుంటే ఇంజిన్ నిదానం మీద నిలవదు. మిగతావి మూసుకుంటే నిదానంగా తిరుగుతుంది గానీ గేరు వేసి కాస్త తిప్పగానే తడబడుతుంది. ఈ రంధ్రాలకు దారితీసే చిన్న గది ఒకటి పైన ఉంటుంది. కొన్నింటిలో దాని మీద రెండు స్క్రూల మూత, కొన్నింటిలో గుండ్రటి రేకు బిళ్ల. మూత ఉంటే తప్పక విప్పండి. రేకు బిళ్లనైతే చేతిలో కొత్తది ఉంటే తప్ప పీకవద్దు.

పరీక్ష సులువు. మిక్చర్ స్క్రూ తీసిన రంధ్రంలో స్ప్రే గొట్టం దూర్చి కొట్టండి. గొంతులోని ప్రతి చిన్న రంధ్రం నుంచీ విడివిడిగా సన్నటి ధార రావాలి. ఒకటి ధారగా, ఒకటి చుక్కలుగా వస్తే పని కాలేదు. వేలితో ఒక రంధ్రం మూసి మళ్లీ కొట్టండి, ఒత్తిడి మరోదాని గుండా పోతుంది. ఇనుప తీగ, గుండుసూది, పిన్నీసు దగ్గరికి రానీయకండి. ఇత్తడి రంధ్రం వెంట్రుకంత పెరిగినా జెట్టు నంబరు మారిపోయినట్టే. మీ దగ్గర గాలానికి వాడే నైలాన్ తీగ ఉండనే ఉంటుంది. దాని సన్న రకం ముక్క మెత్తగా లోపలికి పోయి జిగురును నెడుతుంది, ఇత్తడిని గీయదు. మొండికేస్తే రాత్రంతా క్లీనర్‌లో నానబెట్టి, పొద్దున పంక్చర్ షాపు గాలితో ఊదించండి. ఫ్లోట్ తీసేశాకే ఊదించాలి, ఆ ఒత్తిడికి అది నలిగిపోతుంది.

ఫ్లోట్‌ను చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. లోపల పెట్రోలు చప్పుడు వినబడితే మార్చేయడమే. నీడిల్ మొనను భూతద్దంతో చూడండి, చుట్టూ ఉంగరంలా గాడి కనబడితే దానికి కాలం చెల్లింది. బిగించాక కార్బ్యురేటర్‌ను తలకిందులు చేసి పెట్రోలు వచ్చే గొట్టం ద్వారా నోటితో ఊదండి. గాలి పోకూడదు. ఫ్లోట్‌ను వేలితో ఎత్తితే పోవాలి. అలాగే తలకిందులుగా ఉంచి ఫ్లోట్ ఎత్తు కొలవండి. మాన్యువల్‌లో మిల్లీమీటర్లలో ఇస్తారు. అది దొరక్కపోతే, చాలా చిన్న ఇంజిన్లలో ఫ్లోట్ గాస్కెట్ అంచుకు సమాంతరంగా నిలిస్తే దాదాపు సరే.

గాస్కెట్లు, అంటే అతుకుల మధ్య పెట్టే పలుచని పట్టీలు, కిట్టులో వచ్చినవే వాడండి. అట్టపెట్టె కోసి చేసినవి పెట్రోలుకు నాని చీలిపోతాయి. సీలెంటు జిగురు అసలే వద్దు. పెట్రోలు తగిలి అది ముక్కలై మళ్లీ ఆ సన్న రంధ్రాల్లోకే పోతుంది. కార్బ్యురేటర్ ఇంజిన్‌కు అతుక్కునే అంచు వంగి ఉందేమో గాజు పలక మీద పెట్టి చూడండి. కొద్దిగా వంగితే అదే గాజు మీద నీటి ఎమరీ కాగితం పరచి రుద్దితే సరిపోతుంది. అక్కడ గాలి చొరబడినా మీరు చెప్పిన లక్షణమే కనిపిస్తుంది. ఇంజిన్ తిరుగుతుండగా ఆ అంచు చుట్టూ సబ్బు నీళ్లు చిలకరించండి. నురుగును లోపలికి లాగి వేగం మారితే అక్కడ లీకు ఉంది. కొందరు ఈ పనికి పెట్రోలో, క్లీనరో కొడతారు. వేడి ఇంజిన్ మీద ఆ పని చేసే వాళ్లకు దండం.

కోస్తా నుంచి తెచ్చిన ఇంజిన్ అన్నారు కాబట్టి ఒక అనుమానం. సముద్రం మీద వేటాడే పడవల్లో కిరోసిన్ ఇంజిన్లు చాలా వాడతారు. అవి పెట్రోలుతో మొదలై కిరోసిన్‌కు మారతాయి. పైకి అంతా ఒకేలా కనిపిస్తుంది గానీ జెట్లు, కంప్రెషన్ వేరు. పడవకు బిగించే బ్రాకెట్ మీద చిన్న రేకు ఉంటుంది, దాని మీద మోడల్ కోడ్ చదివి అది ఏ రకమో ముందు తేల్చుకోండి. కిట్టు కూడా ఆ కోడ్‌తోనే అడగాలి. మన దగ్గర దొరక్కపోతే కాకినాడ, విశాఖపట్నం దుకాణాలను అడగండి. మరలు సరిపోయాయి కదా అని బైకు జెట్లు బిగించవద్దు. అలాగే ‘మన ఎత్తుకు జెట్టు మార్చాలి’ అని ఎవరైనా అంటే నమ్మకండి. మనం ఉన్నది సముద్ర మట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తులో, దానికి జెట్టు మార్చాల్సిన పనిలేదు.

బిగించాక పొడిగా స్టార్ట్ చేయవద్దు. నీళ్లు లేకుండా తిరిగితే, ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు తోడే రబ్బరు ఇంపెల్లర్ చూస్తుండగానే కాలిపోతుంది. 200 లీటర్ల డ్రమ్ములో నీళ్లు నింపి, ప్రొపెల్లర్ పైభాగం కూడా మునిగేలా దించి, బయట గాలిలోనే నడపండి. చల్లదనం నీటి ధార వెనక నుంచి వస్తోందో లేదో చూడండి. మిక్చర్ స్క్రూను మాన్యువల్ లెక్క ప్రకారం, అది లేకపోతే తగిలిన చోటు నుంచి ఒకటిన్నర చుట్లు బయటికి పెట్టి మొదలుపెట్టండి. అసలు సర్దుబాటు మాత్రం పడవను గట్టుకు కట్టేసి, ఇంజిన్ వేడెక్కాక, గేరులో చేయాలి. స్క్రూను కొంచెం కొంచెంగా తిప్పుతూ ఒక వైపు ఎక్కడ తడబడుతుందో, మరో వైపు ఎక్కడ బరువుగా తిరుగుతుందో గుర్తుపెట్టుకుని మధ్యలో, పెట్రోలు ఎక్కువయ్యే వైపు ఒక పిసరు ఉంచండి. పెట్రోలు ఏ వైపు తిప్పితే పెరుగుతుందో ముందే మాన్యువల్‌లో చూసుకోండి. కొన్ని కార్బ్యురేటర్లలో ఆ స్క్రూ పెట్రోలును అదుపు చేస్తుంది, కొన్నింటిలో గాలిని, అప్పుడు దిశ తిరగబడుతుంది.

స్క్రూ ఎటు తిప్పినా ఏ మార్పూ లేకపోతే వేగం స్క్రూ చూడండి. ఇంజిన్ ఆగిపోతోందని మెకానిక్కులు దాన్ని లోపలికి తిప్పి పలకను ఎత్తి పెడతారు. అప్పుడు జబ్బు దాగుతుంది, ఇంజిన్ ఆగదు, కానీ గేరు వేసిన ప్రతిసారీ ఖంగున మోగుతుంది. కొన్నాళ్లకు గేర్ల పళ్లు అరుగుతాయి. మీ ఇంజిన్‌లోనూ ఇది జరిగిందేమో అనుకుంటున్నాను, గేరు చప్పుడు గురించి మీరు రాయలేదు, వినండి.

డ్రమ్ములో బాగున్నంత మాత్రాన మెయిన్ జెట్ బాగున్నట్టు కాదు. అక్కడ బరువు ఉండదు. మానేరులో మనుషులతో, పూర్తి వేగంతో కాసేపు పోయి, తాడు క్లిప్పు లాగి ఒక్కసారిగా ఆపి, ప్లగ్గులు తీసి చూడండి. లేత గోధుమ రంగు ఉంటే మంచిది. సున్నంలా తెల్లగా ఉంటే వెంటనే ఆపేయండి. టూ స్ట్రోక్‌లో ఆయిల్ పెట్రోలుతో పాటే వస్తుంది కాబట్టి పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గుతుంది, పిస్టన్ పట్టేస్తుంది. 50 పాళ్ల పెట్రోలుకు 1 పాలు ఆయిల్ అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. మీ మాన్యువల్ ఏ పాలు చెబితే అదే కలపండి, మూత కొలతలు వద్దు.

పక్కన పెట్టేటప్పుడు ట్యాంకు గొట్టం పీకి, నిదానం మీద ఇంజిన్ దానంతట అదే ఆగేదాకా వదలండి. ఆ తర్వాత డ్రెయిన్ స్క్రూ కూడా విప్పండి, గిన్నె అడుగున ఇంకా మిగిలే ఉంటుంది. నెలకోసారి డ్రమ్ములో తిప్పితే ఇంకా మంచిది. 2023 జులైలో భూపాలపల్లి జిల్లాలో మోరంచ వాగు పొంగి మోరంచపల్లి మునిగినప్పుడు జనం ఇళ్ల కప్పుల మీదికి ఎక్కి సాయం కోసం ఎదురుచూశారు. మీ సంఘం పడవ కూడా అలాంటి రోజున అడగబడేదే.

ఇవన్నీ చేశాక కూడా నిదానం మీద నిలవకపోతే కార్బ్యురేటర్‌ను మళ్లీ విప్పకండి. కార్బ్యురేటర్ వెనక రీడ్ కవాటాల రేకులు విరిగాయేమో, క్రాంక్ సీళ్లు గాలి పీలుస్తున్నాయేమో చూడాలి. సీళ్ల పని ఇంజిన్ మొత్తం విప్పే పని, దానికి పడవ ఇంజిన్లు తెలిసిన మనిషే కావాలి. అక్కడిదాకా వస్తే కంప్రెషన్ అంకెలు, బ్రాకెట్ మీది మోడల్ కోడ్, సీసాలో పట్టిన పెట్రోలు ఫొటో నాకు పంపండి, ఏ భాగాలు తెప్పించాలో చెబుతాను.